సేనాపతి తాయారమ్మ కవచం

నేను ఒక కవచాన్ని. ఇనుముతోనో ఇత్తడితోనో పోత పోసినదాన్ని కాను, ప్లాస్టిక్‌ దాన్ని. ఈ మాట వినగానే చాలామంది పెదవి విరుస్తారు. విరవనివ్వండి. రాజుల కాలపు కవచాలు అద్దాల పెట్టెల్లో నిలబడి దుమ్ము తింటున్నాయని విన్నాను. నేను మాత్రం ఇప్పటికి నలభై ఒక్క నాటకాలు ఆడాను.

పుట్టినప్పుడు నాకు ఆకారమంటూ లేదు. ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో బూడిద రంగు పలుచని రేకులుగా పుట్టి, ఒక అట్టపెట్టెలో వెల్లకిలా పడుకున్నాను. నాతోపాటు కొన్ని పట్టీలు, బకిళ్లు, పొట్లంలో రివెట్లు, బొమ్మలు గీసిన పెద్ద కాగితం ఒకటి ఉండేవి. ఆ కాగితం పైన, మొదటిసారి చేసేవారికి కూడా ఇది చాలా సులువని రాసి ఉంది. ఆ మాట రాసిన పెద్దమనిషి జన్మలో దేన్నీ మొదటిసారి చేసి ఉండడు.

తెనాలిలో నాటకాల సామాను అద్దెకిచ్చే పూర్ణయ్య నన్ను తెప్పించుకున్నాడు. ఫోనులో ఆయన చూసిన బొమ్మలో ధగధగలాడే కవచం తొడుక్కుని ఒక ఆజానుబాహుడు నిలబడి ఉన్నాడు. ఆ మనిషి తప్ప మిగతాదంతా తయారై వస్తుందనుకున్నాడు పాపం. పెట్టె విప్పి, నా రేకుల్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదేందిది, కవచం పంపరా అంటే చాటలు పంపించాడు!" అని మూలకు నెట్టేశాడు. ఒక కాలు విరిగిన సింహాసనం, రెండు అట్ట గదలు నాకు ఇరుగుపొరుగు. వాటి పక్కన ఎనిమిది నెలలు పడి ఉన్నాను.

ఒకరోజు ఆ కొట్టుకు తాయారమ్మ వచ్చింది. బాపట్ల అవతల సముద్రపు ఒడ్డున ఒక పల్లె ఆమెది. ముప్పై ఏళ్లుగా పద్యనాటకాలు ఆడుతోంది. రాణి, రాకుమారి, మళ్లీ రాణి. ఏ నాటకమైనా ఆఖరి రంగంలో ఏడ్చి మూర్ఛపోవడం ఆమె వంతు. జుట్టు నెరిశాక రాణి వేషాలు పోయి చెలికత్తె వేషాలు వచ్చాయి. చెలికత్తెకు పద్యాలుండవు. పళ్లెం పట్టుకుని నిలబడాలి, అంతే. అలాంటి రోజుల్లో వాళ్ల బృందం పెద్ద, హార్మోనిస్టు గురవయ్య మాస్టారు 'కోటతలుపు' అని కొత్త నాటకం రాశాడు. సేనాపతి వేషగాడు రిహార్సళ్ల మధ్యలో వేరే బృందంలోకి పోయాడు. సేనాపతి పదకొండు పద్యాలూ వింటూ వింటూ నేర్చేసుకున్న తాయారమ్మ, ఆ వేషం తనకిమ్మని అడిగింది. మాస్టారు "సరే. పట్నం నాటకపోటీల్లో చూద్దాం. నిలబడ్డావా, వేషం నీది. నిలబడలేదా, ఇంక నన్ను పద్యం అడగొద్దు" అన్నాడు.

అందుకని ఆమె కవచం కోసం వచ్చింది. పూర్ణయ్య నవ్వాడు.

"ఆడమనిషికి కవచం ఏందక్కా? మంచి వడ్డాణం ఉంది, తీసుకపో."

"వడ్డాణం పెట్టుకుని యుద్ధానికి పోతారా పూర్ణయ్యా? పోయినా నడుం వంగుద్దా?"

ఉన్న రేకు కవచాలన్నీ తొడిగి చూశారు. అన్నీ మగవాళ్ల కొలతలకు చేసినవే. ఒకటి భుజాల మీంచి జారింది. ఒకటి గడ్డానికి తగిలి తల తిప్పనివ్వలేదు. ఆమె వెంట వచ్చిన మేనకోడలు ఇందుమతి, పదో తరగతి పిల్ల, ఈ గొడవంతా చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది. అక్కడ పెట్టెలోంచి నా కాగితం అంచు కనపడింది. వంగి తీసింది. బొమ్మల మీద వేలు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి, చివరిదాకా చూసింది. చూసి, అత్త కొంగు పట్టుకుని లాగింది.

"ఏం, ఈ పిల్లకు మాటలు రావా?" అన్నాడు పూర్ణయ్య.

"వస్తయ్. మనుషులు లేనప్పుడు మాట్లాడుద్ది" అంది తాయారమ్మ.

"ఆ చాటలా? పట్టుకుపోండి తల్లీ. అతికించుకోగలిగితే మీయే."

అలా బస్సులో ఆ పిల్ల ఒడిలో కూర్చుని వాళ్ల ఊరు చేరాను.

ఇందుమతి అంతకుముందు పుస్తకాలకు అట్టలు వేసింది, జాకెట్లకు హుక్కులు కుట్టింది. కవచం చేయడం ఇదే మొదలు. భుజాల ముక్కలు కోసేటప్పుడు, రెండోదానికి కాగితం తిరగేసి గీయాలని తెలియక రెండూ ఎడమ భుజాలే కోసింది. తెలిశాక ముఖం చిన్నబోయింది. తాయారమ్మ మాత్రం రెంటినీ పెట్టుకుని చూసి, "పోనీలేవే, సేనాపతి ఒక పక్కకు తిరిగే యుద్ధం చేస్తాడు" అంది. మిగిలిన రేకులోంచి మూడోది కోశారు.

రేకుల్ని వేడిగాలి మిషనుతో వంచాలని కాగితంలో ఉంది. ఆ ఇంట్లో వేడిగాలి అంటే వైశాఖమాసమే. గ్యాసు పొయ్యి మంట మీద పెట్టి చూసింది. నా ఎడమ భుజం నిండా పొక్కులు లేచాయి. వాటిని ఇప్పటికీ ఒక తామరపువ్వు బిళ్ల కింద దాచుకుని తిరుగుతున్నాను. మర్నాడు కాగులో నీళ్లు మరిగించి, పట్టకారుతో నన్ను ముంచింది. నీళ్లలో పడ్డ అప్పడంలా మెత్తబడ్డాను. గబగబా తీసి, బోర్లించిన బిందె మీద పరిచి, తడి తువ్వాలుతో అదిమి పట్టుకుంది. చల్లారి లేచేసరికి నాకు ఛాతీ వచ్చింది! ఉలితోనూ సుత్తితోనూ రాని నిండుతనం నాకు మంచినీళ్ల బిందె ఇచ్చింది. అంచుల వెంట పురికొస అంటించి, ఉప్పు కాగితంతో రుద్ది, ముందు బంగారు రంగు, అది ఆరాక దాని మీద నలుపు వేసింది. నలుపు తడారకముందే గుడ్డతో తుడిస్తే సందుల్లో నలుపు నిలిచి, వందేళ్ల నాటి లోహంలా కనపడ్డాను. ఇంటికి వచ్చినవాళ్లు గోటితో కొట్టి చూసి గానీ నమ్మేవాళ్లు కాదు.

కానీ ఒక తప్పు జరిగింది. కొలత తీసేటప్పుడు ఇందుమతి తనకు తెలిసిన పద్ధతిలో, జాకెట్టుకు తీసినట్టే తీసింది. అత్తను నిటారుగా నిలబెట్టి, "కదలొద్దు, మాట్లాడొద్దు" అని టేపు చుట్టింది. తాయారమ్మ కూడా, టేపు కనపడగానే ఆడవాళ్లు నిలబడినట్టే, పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ కొలతకే నన్ను బిగించారు. అద్దంలో చూసుకుంటే చెక్కినట్టు అమిరాను.

పోటీలకు ఐదు రోజులుందనగా మాస్టారింటి వసారాలో రిహార్సలు. తాయారమ్మ నన్ను తొడుక్కుని అడుగుపెట్టగానే హార్మోనియం ఆగింది. "అబ్బో!" అన్నాడు మాస్టారు. నా గర్వం మీరు చూడాలి. మూడు పద్యాలు బాగానే సాగాయి. నాలుగోది నాటకానికి ప్రాణం. శత్రువు లోపలికి రాకుండా సేనాపతి కోటతలుపు తన వెనక మూయించుకుని, ఒంటరిగా బయట నిలబడి పాడే పద్యం. ఆఖరి పాదం చివర రాగం తీసి, జనం ఊపిరి పట్టేదాకా నిలపాలి. తాయారమ్మ గుండెలనిండా గాలి పీల్చబోయింది. నేను కదల్లేదు. బకిళ్లు బిగుసుకున్నాయి, నా అంచులు డొక్కల్లో గుచ్చుకున్నాయి. రాగం సగంలో తెగింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ తెగింది. మూడోసారి దగ్గు వచ్చింది.

మాస్టారు హార్మోనియం తిత్తి మూశాడు. "వయసు తాయారమ్మా. నీ తప్పేం కాదు. ఊపిరి చాలట్లా. చెలికత్తె వేషం ఉండనే ఉంది గదా."

నాకు నోరుంటే ఆ వసారా దద్దరిల్లేలా అరిచేదాన్ని, తప్పు నాదని. మనుషులు తమ ఒంటి మీదున్నదాన్ని అనుమానించరు, ముందు తమనే అనుమానించుకుంటారు. తాయారమ్మ ఇంటికి వచ్చింది, నన్ను విప్పింది, రొయ్యలు ఒలవడానికి ముందేసుకుని కూర్చుంది.

"నా పని అయిపోయిందే ఇందూ" అంది తలెత్తకుండా.

ఇందుమతి ఆమె వీపు వైపు చూస్తోంది. జాకెట్టు కింద, డొక్కల వెంట, నా అంచులు దిగిన చోట ఎర్రటి చారలున్నాయి.

"ఇవేందత్తా?"

"ఏదో ఒత్తుకుంది లేవే."

పిల్ల లేచి టేపు తెచ్చింది. "అత్తా, ఆ పద్యం పాడు."

"ఇప్పుడా? చేతులకు రొయ్యల నీళ్లు."

"చేతుల్తో పాడతావా ఏంది? పాడత్తా!"

తాయారమ్మ పాడింది. ఊపిరి తీసుకుంటుంటే టేపు ఇందుమతి వేళ్లలోంచి జారుకుంటూ పోయింది. మూడున్నర అంగుళాలు! రాగం తెగలేదు. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసేదాకా నిలిచింది. ఇందుమతి టేపు వైపు చూసింది, తలుపుకు వేలాడుతున్న నా వైపు చూసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత చాలాసేపు ఆ పిల్ల చేటలోంచి ఒక రొయ్యను తీసి వంచడం, చాచడం, మళ్లీ వంచడం చేస్తూ కూర్చుంది. పెంకు గట్టిదే. అయినా ఒక బిళ్ల కిందికి ఇంకో బిళ్ల జారుతూ రొయ్యను ఎటు కావాలంటే అటు తిరగనిస్తోంది.

మర్నాడు నన్ను సంచిలో వేసుకుని మాస్టారింటికి బయల్దేరింది. వీధి మొగదాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చింది. మూడోసారి గేటు తీసింది. 

"మాస్టారూ, తప్పు అత్తది కాదు. కొలత నేను తప్పు తీశాను. ఊపిరి ఆడనివ్వంది కవచం. దీన్ని మారుస్తా. అత్తను పాడనియ్యండి."

మాస్టారు కళ్లజోడు పైకి నెట్టాడు. "నువ్వు మూగపిల్లవనుకున్నా గదే ఇన్నాళ్లూ! సరే, ఒక మాట. స్టేజీ మీద మళ్లీ రాగం తెగిందనుకో, పరువు పోయేది మీ అత్తది. అప్పుడు నువ్వు మైకు దగ్గరికొచ్చి, తప్పు నాదని అంతమందికీ చెప్పాలి. చెప్తావా?"

నలుగురి ముందు పేరు చెప్పమంటేనే నీళ్లు నమిలే పిల్ల. నేలవైపు చూసింది. "చెప్తా" అంది.

ఆ మధ్యాహ్నం రంపపు బ్లేడుతో నన్ను రెండు పక్కలా కోసింది. కోత బాధ గురించి చెప్పను. అంతకంటే పెద్ద సంతోషం వెనకే ఉంది. మిగిలిన రేకుల్లోంచి పక్కకు ఐదు చొప్పున బిళ్లలు కోసి, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా పేర్చి, లోపల లంగా ఎలాస్టిక్కుతో కలిపింది. చంకల కిందినుంచి నడుందాకా నాకు రొయ్య పెంకులు వచ్చాయి.

పోటీ రోజు సాయంత్రం మొదటి నాటకం మాదే. నాలుగో పద్యం వచ్చింది. తెర పక్కన ఇందుమతి నిలబడి ఉంది. నాలుగు రోజులుగా వల్లెవేస్తున్న ఆ రెండు మాటలు, తప్పు నాది, తప్పు నాది అని పెదవుల మీద ఆడుతున్నాయి. ఆఖరి పాదం. తాయారమ్మ గాలి పీల్చింది. నా బిళ్లలు సర్రున విచ్చుకున్నాయి. ఆమె డొక్కలతోపాటు నేనూ పెరిగాను. ఏ లోహపు కవచమూ ఎరగని సంగతి ఇది, ఒక మనిషితో కలిసి ఊపిరి పీల్చడం! రాగం లేచింది. ఎక్కింది. అక్కడ నిలిచింది. ముందు వరసలో విసనకర్ర విసురుకుంటున్న ముసలాయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రాగం దిగి నేలను తాకిందో లేదో, వెనక బెంచీల నుంచి ఒక కేక: "వన్స్‌ మోర్!"

తర్వాత పందిరంతా అదే కేక. గురవయ్య మాస్టారు తాయారమ్మను అడగలేదు, పద్యం మొదటి స్వరం తనే మళ్లీ నొక్కాడు. ఇందుమతి పెదవులు కదలడం ఆగిపోయింది. ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

సేనాపతి వేషం తాయారమ్మదే అయింది. కరపత్రాల్లో ఆమె పేరు ఇప్పుడు మాస్టారి పేరు కంటే పైన వేస్తున్నారు. మాస్టారే వేయమన్నాడట. ఆడి ఆడి నా పక్క బిళ్లలు ఒకదానికొకటి రాసుకుని, బంగారు రంగు పోయి తెల్లటి గీతలు పడ్డాయి. కొత్తగా రంగు వేయించమని చూసినవాళ్లంతా అంటారు. ఇందుమతి వేయనివ్వదు. నేనూ వేయించుకోను. ఆ గీతలన్నీ తాయారమ్మ రాగాలు.

ఈమధ్య వేరే బృందాల ఆడవాళ్లు కూడా కవచాలు చేయించుకోవడానికి మా ఇంటికి వస్తున్నారు. నేను గోడకు వేలాడుతూ వాళ్లకు నమూనాగా కనపడుతుంటాను. వాళ్లు వచ్చి నిటారుగా నిలబడి, పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబడతారు. ఇందుమతి టేపు మెళ్లో వేసుకుని, చేతులు కట్టుకుని, వాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తూ అంటుంది:

"అట్టా కాదండీ. ముందు పాడండి. కొలత తర్వాత."