కవరు మీద చావు కబురు

"మీరు చనిపోయి చాలా ఏళ్లయిందని మా రికార్డు చెబుతోంది. యాభై రెండు రోజుల కిందట మీ ఫైలు మూసేశాం," అంది అద్దం వెనక గుమాస్తా.

ఆరోగ్య కార్డుల ఆఫీసులో అయిదో నంబరు కిటికీ అది. ఇవతల నిలబడ్డ చిట్టికి ఆ మాట నీళ్ల అడుగునుంచి వినిపించినట్టుంది. అసలు నాలుగు రోజులుగా లోకమంతా ఆమెకి నీళ్లలో ఉన్నట్టే ఉంది. కుడికంట్లో నల్లటి దారప్పోగులు తేలుతున్నాయి. పదేళ్లుగా కుట్టుపని చేసే మనిషి కాబట్టి మొదట నిజం దారాలే అనుకుని ఒళ్లో దులుపుకుంది. తర్వాత మెరుపులు మొదలయ్యాయి. నిన్నటినుంచి ఓ మూల బూడిదరంగు తెర, ఎవరో మెత్తగా దించుతున్నట్టు దిగుతోంది.

"కంటి వెనక పొర ఊడుతోందమ్మా," అన్నాడు నిన్న కళ్ల డాక్టరు. "నడిమికి రాకముందే అతికించాలి. ఎల్లుండి పొద్దున ఎనిమిదికి ఆపరేషన్ రాసుకున్నా. రేపు సాయంత్రం అయిదులోగా మీ కార్డు నంబరు మాకు చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్లిపోతుంది."

ఆ "రేపు" ఇవాళే. ఇప్పుడు టైము ఒంటిగంటన్నర.

ఈ దేశానికొచ్చి మూడు నెలలు ఒకే ఇంట్లో ఉంటే చాలు, వైద్యం సర్కారు చూసుకుంటుంది. భార్యాభర్తలు బావగారింటికి వచ్చి అయిదు నెలలైంది. భర్త కార్డు ఎప్పుడో వచ్చింది. తనది మాత్రం రాలేదు.

"నేను పోయానని ఎవరు చెప్పారు?" అంది చిట్టి.

గుమాస్తా ఓ కవరు తీసి అద్దానికి ఆనించింది. చిట్టి పేరుకి పంపితే తిరిగొచ్చిన కవరు. చిట్టి ఎడమకన్ను దగ్గరగా పెట్టి చదివింది. పోస్ట్‌మాన్ చేతిరాత: 'ఇంట్లో పెద్దావిడని అడిగాను. ఈమె పోయి చాలా ఏళ్లయిందన్నారు.'

అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, రెండు నెలల కిందట పోస్ట్‌మాన్ ఓ పేరు చెప్పి అడిగాడా?"

"అడక్కేం! మా అత్తగారి పేరు చెప్పాడే. ఆవిడ పోయి ఇరవై ఏళ్లైతే ఇప్పుడెవరు ఉత్తరం రాశారా అని నేనే ఆశ్చర్యపోయా. ఆవిడ లేదు నాయనా అని పంపించేశా."

"అత్తయ్యా... నా పేరు కూడా అదే."

పెళ్లయిన రోజే అత్తగారు తేల్చి చెప్పేసింది: మా అత్తగారి పేరు పెట్టి కోడల్ని కేకెయ్యడానికి నాకు నోరు రాదు, దీన్ని చిట్టి అందాం. అంతే, ఆరేళ్లుగా ఇంటిల్లిపాదిలో ఎవరి నోటా అసలు పేరు రాలేదు.

"అయ్యో, నువ్వు చిట్టివి కదే!" అంది అత్తగారు, ఏడుపుగొంతుతో. "నా చేతుల్తో నేనే చంపుకున్నానా తల్లీ!"

"చంపితే చంపారు గానీ, తిండి మానేసి కూర్చోకండి. వస్తా." చిట్టి ఫోన్ పెట్టేసి గుమాస్తా వైపు తిరిగింది. "నేను బతికే ఉన్నా. ఇదిగో పాస్‌పోర్టు."

"బతికున్నారు సరే. ఫైలు మళ్లీ తెరవాలంటే, ఆ ఇంట్లోనే మూడు నెలలుగా ఉంటున్నట్టు కాగితం? మీ పేరుతో అద్దె పత్రమో, కరెంటు బిల్లో?"

ఏమున్నాయి? ఆ ఇంట్లో ఏ కాగితమైనా బావగారి పేరు మీదే. పెద్దాయన ఉండగా చిన్నవాళ్ల పేర్లు రాయించడమేమిటని భర్తా అనుకున్నాడు, తనూ అనుకుంది. ఉత్తరాల పెట్టె మీద కూడా బావగారి పేరొక్కటే.

"బంధువుల సాక్ష్యం చెల్లదు," అంది గుమాస్తా. "సర్కారు ఉద్యోగి ఎవరైనా, ఈ తేదీనుంచి ఈమె ఈ ఇంట్లో ఉండగా ఎరుగుదునని సంతకం పెడితే చాలు. నాలుగింటికి కిటికీ మూసేస్తాను."

ఈ ఊళ్లో ఆమె ఎరిగిన సర్కారు ఉద్యోగి ఒక్కడే. ఆ కవరు మీద రాసినవాడు.

చిట్టి వీధుల వెంట పడింది. మధ్యాహ్నపు వెలుగు సబ్బునీళ్లలా కదులుతోంది. సగం ఇళ్లు ఉన్నాయి, సగం తెర వెనక కరిగిపోయాయి. మనుషులు అడుగుల చప్పుడు లేకుండా తేలివచ్చి తేలిపోతున్నారు. తాను నిజంగానే పోయి, ఆ సంగతి తెలియక తిరుగుతోందేమో అని ఒక్క క్షణం అనిపించింది. మలుపులో పోస్ట్‌మాన్ నీలంకోటు కనబడగానే పరుగెత్తింది.

"అయ్యా, ఒక్క నిమిషం!"

నీలంకోటు కదల్లేదు. అది వీధి తపాలాపెట్టె.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంక కళ్లు మూసుకుని చెవులు నిక్కించింది. టక్. కాస్త ఆగి మళ్లీ టక్. ఇళ్ల ఉత్తరాల పెట్టెల మూతలు! రోజూ మిషను దగ్గర కూర్చుని వినే చప్పుడే. గోడ పట్టుకుని ఆ చప్పుడు వెంట రెండు వీధులు నడిచింది.

"ఏం సూదమ్మా, ఇలా వచ్చావ్?" అన్నాడు పోస్ట్‌మాన్.

"నన్ను చంపేశావుగా, దెయ్యమై వచ్చా."

కథంతా విని అతను తల పట్టుకున్నాడు. "ఆ పేరు నీదా! నాకేం తెలుసు? సరే, సంతకం పెడతా. కానీ ఏ తేదీనుంచి అని రాయను? చలి తగ్గాక చూశానో, అంతకుముందో. తప్పు తేదీ రాశానని తేలితే నా ఉద్యోగం ఊడుతుంది."

"కోటు లోపలి జేబు బయటికి తియ్యి."

"ఎందుకు?"

"తియ్యవయ్యా బాబూ!"

తీశాడు. చిట్టి ఈ ఊరొచ్చిన పదోరోజున అతని చిరిగిన జేబు కుట్టిచ్చింది. కుట్టు నేర్పిన మాస్టరమ్మ పెట్టిన అలవాటు ఒకటుంది: బాగుచేసిన ప్రతిచోటా, ఎవరికీ కనబడకుండా, తేదీ, కుట్టినవాళ్ల ఇంటి నంబరూ కుట్టాలి. ఏడాదిలోగా ఊడితే మారు మాట లేకుండా మళ్లీ కుట్టివ్వాలి. జేబు మడతలో ఎర్రదారంతో చీమలంత అంకెలు: తేదీ, కింద ఇంటి నంబరు. నూట ముప్పై ఎనిమిది రోజుల కిందటివి.

పోస్ట్‌మాన్ గుడ్లప్పగించి చూశాడు. "ఇన్నాళ్లూ నీ అడ్రసు జేబులో పెట్టుకుని తిరుగుతున్నానా!"

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా ఇద్దరూ అయిదో కిటికీ దగ్గరున్నారు. గుమాస్తా జేబు మడత చూసింది, సంతకం చూసింది, అంకెలు మీటలు నొక్కి ఎక్కించింది. యంత్రం ఓ చీటీని బయటికి తోసింది.

"బతికారు," అంది గుమాస్తా నవ్వకుండా. "ఇదిగో నంబరు."

ఆ నంబరు నాలుగుంపావుకి ఆసుపత్రికి చేరింది. మర్నాడు ఎనిమిదికి డాక్టరు పొర అతికించి తెరని ఆపాడు.

నెల తిరిగాక, చివరి పరీక్ష చేయించుకుని వస్తూ, చిట్టి వాకిట్లో ఆగింది. ఉత్తరాల పెట్టె మీద బావగారి పేరు కింద కొత్త చీటీ ఒకటి అంటించి ఉంది. ఎడమకన్ను చేత్తో మూసుకుంది. కుడికంటికి అక్షరాలు మొదట నీళ్లలోలా ఊగాయి, తర్వాత ఒక్కొక్కటే కుదురుగా నిలబడ్డాయి. తన పేరు. పూర్తిగా, అత్తగారి వణుకురాతలో, చివర 'గారు' చేర్చి.

"గారెందుకు అత్తయ్యా?"

"మా అత్తగారి పేరేనే," అంది అత్తగారు గుమ్మంలోంచి. "ఉత్త పేరు రాయడానికి చెయ్యి రాలేదు."