అణువు ఊడిన చోట

ఆయనకు రోజంతా కొలిమి, ఆమెకు చలి. వేరే ఊరి ప్రయోగశాలలో ఆయన స్ఫటికాలు పెంచుతాడు. అందరూ కొలిమాయన అంటారు. ఆయన పంపిన స్ఫటికాన్ని ఆమె పొరలుగా ఒలిచి, గడ్డకట్టించే చలిలో పెట్టి, సూదిమొన మైక్రోస్కోపుతో చూస్తుంది. ఆ చలిలో, పలచటి రేకులోని ఎలక్ట్రాన్లు బారులు తీరి అలల్లా నిలుస్తాయి. కాస్త వేడెక్కితే చెదిరిపోతాయి.

పెళ్లయి నాలుగేళ్లు. ఒకే ఇంట్లో ఉన్నది ఏడు నెలలు.

"వాడక్కడ పొయ్యి దగ్గర, నువ్విక్కడ ఫ్రిజ్ దగ్గర. ఇంక సంసారం ఎప్పుడమ్మా?" అనేది అత్తగారు ఫోనులో. ఆమె నవ్వేసేది. ఫోను పెట్టేశాక ఇల్లు మరీ పెద్దదనిపించేది.

ఈసారి పొట్లంతో చీటీ వచ్చింది: "మధ్యలో కరెంటు పోయింది. ఎక్కడ చూసినా అణువులు ఊడిన లోపాలే. పారెయ్. మంచిది పంపుతా."

పారెయ్యడానికి చెయ్యి రాలేదు. పొట్లం మడతల మీద ఆయన వేలిముద్రలు మసిగా అంటుకుని ఉన్నాయి. ఆ మధ్యాహ్నం మైక్రోస్కోపు ఖాళీగానే ఉంది. ఆ స్ఫటికంలోంచే ఓ పొర ఒలిచి పెట్టింది.

చలిలో అలలు కనిపించాయి. వేడి పెంచుతూ, అవి చెదరాల్సిన హద్దు దాటించింది. తెర మీద బారులు మాసిపోయాయి. ఆపేద్దామని చెయ్యి చాచి, ఆగిపోయింది. అణువు ఊడిన ప్రతి చోటి చుట్టూ చిన్న చిన్న అలలు ఇంకా ఉన్నాయి. మూడుసార్లు కొలిచింది. ఉన్నాయి.

ఫోను చేసింది.

"నీ చెత్త పనికొచ్చింది."

"పారెయ్యమన్నానా లేదా?"

"నీ మాట ఎప్పుడు విన్నాను గనక? పోయినసారి శుభ్రమైన దాంట్లో ఈ వేడికి ఏమీ మిగల్లేదు. ఇందులో లోపం ఉన్నచోటల్లా అలలు పట్టుకునున్నాయి."

ఆయన అవతలికి నడిచాడేమో, కొలిమి రొద దూరమైంది.

"బొమ్మ పంపు."

"పంపను. వచ్చి చూడు."

"కొత్తది ఇప్పుడే కొలిమికి ఎక్కించానే. పద్దెనిమిది రోజులు వదిలి కదల్లేను."

"తెలుసు." అడగకముందే తెలుసు.

"ఆ రేకు అప్పటిదాకా ఉంటుందా?"

"ఉంచుతాను."

పద్దెనిమిది రోజులూ ఆ యంత్రాన్ని ఎవరికీ ఇవ్వలేదు. వంతు కోసం వచ్చిన సహోద్యోగినిని బతిమాలింది, ఒకసారి పోట్లాడింది కూడా.

పంతొమ్మిదో రోజు సాయంత్రం ఆయన సంచీ భుజాన్నే ఉంచుకుని తెర ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"సోమవారం వెళ్లిపోవాలి," అన్నాడు, చూపు తిప్పకుండానే.

ఆమె సంచీ అందుకుని కింద పెట్టింది. ఇంకో కుర్చీ లాగింది.