రెండు రోజులు వాడిన డిస్కు

ప్రసన్నకుమారి కమలాపురంలో తన ఇంట్లోనే కూర్చుని చర్చి మహాసభలు, పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ చేస్తుంది. కంప్యూటరు మొరాయిస్తోందని కడపలో చిన్న ఈరన్న కొట్టుకు పట్టుకెళ్లింది. అతను హార్డ్ డిస్కు విప్పి, లోపలికి తీసుకెళ్లి వచ్చి పెదవి విరిచాడు.

"ఇది సచ్చిపోయిందమ్మా. దీంట్లో ఉండేది ఇంక రాదు. నాకొదిలెయ్, తుక్కులో ఏస్తా."

కొత్తదాని ధర విని ఆమె వెనకాడింది. అప్పుడతను కౌంటరు కింది నుంచి ఒక కవరు తీశాడు.

"ఇది తీసుకో. ఎవరో కొని రెండు దినాలు వాడి, సైజు సాలదని తిరిగిచ్చినారు. కొత్తదే అనుకో. సగం ధరకిస్తా."

"డబ్బా యాడ?"

"డబ్బాతో నీకేం పనమ్మా? వీడియోలు డబ్బాలో ఎక్కిస్తావా?"

ఆమె నవ్వి కొనేసింది గానీ, బస్సులో కవరు విప్పి చూశాక నవ్వు పోయింది. స్క్రూల చుట్టూ గీతలున్నాయి. పాత స్టిక్కరు పీకిన చోట జిగురు వేలికి అంటుకుంది.

ఇంటికొచ్చి డిస్కును బిగించి, దాని ఆరోగ్యం చూపించే ప్రోగ్రాము నడిపింది. రెండు రోజులు కాదు, అది ఏళ్ల తరబడి తిరిగిన డిస్కు. ఎవరిదో, ఎక్కడిదో తెలియకుండా దాని మీద ఇంకొకరి పెళ్లి ఎక్కించడానికి ఆమెకు మనసొప్పలేదు. చెరిపేసిన ఫైళ్లను వెనక్కి తెచ్చే ప్రోగ్రాము పెట్టింది. ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అన్నీ చీరల అంచులే. ప్రతి బొమ్మ కింద 'కంబన్న మగ్గం, మాధవరం' అని, ఒక ఫోన్ నంబరు.

దొంగ సొమ్మేమోనని భయమేసింది. ఫోన్ చేస్తే తననే దొంగ అంటారేమో. అయినా చేసింది. ఎత్తింది కంబన్న కూతురు ప్రణీత.

"మా డిజైన్లు నీ చేతికెట్లొచ్చినాయి? కేశవ ఎంతకమ్మినాడు?"

"ఆయనెవరో నాకు తెలీదమ్మా. కడపలో డిస్కు కొన్నా, దాంట్లో ఉండాయి."

"అందరూ ఇట్లే చెప్తారు." ఫోను కట్ అయింది.

కాసేపటికి మళ్లీ మోగింది. ఈసారి ప్రణీత గొంతు తగ్గింది. "ఏ కొట్లో కొన్నావక్కా?"

ఆమె కొట్టు పేరు చెప్పింది. "ఆ డిస్కు తీసుకోని రేపు ఆడికే రాక్కా. నాయన్ని పిల్చుకోని నేనూ వస్తా," అంది ప్రణీత.

మర్నాడు ముగ్గురూ ఆ కొట్టు ముందు కలిశారు. జరిగింది ప్రణీత చెప్పింది. నిరుడు వాళ్ల కంప్యూటరు పాడైతే చిన్నాన్న కొడుకు కేశవ ఈ కొట్టుకే తెచ్చాడు. డిస్కు చచ్చిపోయిందని కొట్టువాళ్లే ఉంచుకున్నారంటూ అతను అది లేకుండా తిరిగొచ్చాడు. ఆ తర్వాత వాళ్ల అంచు ఒకటి వేరేవాళ్ల చీర మీద కనబడింది. కేశవే డిజైన్లు అమ్ముకుని డిస్కు మాయం చేశాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. అతను మగ్గం వదిలేసి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు.

"అమ్మిన చీర చూసి ఎవరైనా ఆ అంచు నేస్తారు," అన్నాడు కంబన్న. "ఆ మాట నాకప్పుడు తట్టలే."

చిన్న ఈరన్న మొదట ఆ డిస్కు తనది కాదన్నాడు. ప్రణీత దాన్ని తన లాప్‌టాప్‌కు తగిలించి అంచులు చూపించేసరికి మాట మార్చాడు.

"అప్పుడు సచ్చింది నిజమే. తర్వాత బాగు చేసుకున్నాం."

"బాగైతే మాకు ఫోన్ చెయ్యాల కదప్పా?" అంది ప్రణీత.

ప్రసన్నకుమారి కౌంటరు దగ్గరికి జరిగింది. తను వదిలిపోయిన డిస్కులో ఎంతమంది ఆడపిల్లల పెళ్లిళ్లున్నాయో! "నా పాతది యాడ పెట్టినావు? తీ బయటికి."

"తుక్కులో పడేస్తి కదమ్మా."

ఆమె కౌంటరు లోపలికి నడిచి సొరుగు లాగింది. తన డిస్కే. పాత స్టిక్కరు పోయి, 'కస్టమర్ రిటర్న్' అని కొత్తది అంటించి ఉంది. లాప్‌టాప్‌కు తగిలిస్తే చర్చి సభల, పెళ్లిళ్ల వీడియోలు ఒక్కటీ పోకుండా కనిపించాయి. కొట్టు ముందు నలుగురు పోగయ్యారు. ఈరన్న తల దించుకుని, ఆమె కట్టిన డబ్బు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తన డిస్కును సంచిలో వేసుకుని, కొన్న డిస్కును ప్రణీతకిచ్చింది.

"కేశవ కాడికి నువ్వూ రామ్మా," అన్నాడు కంబన్న. "నేను చెప్తే వాడు నమ్మడు."

ఎర్రగుంట్ల బస్సు కమలాపురం మీదుగానే పోతుంది. ప్రసన్నకుమారి తన ఊరు వచ్చినా దిగలేదు.

ఫ్యాక్టరీ గేటు బయట టీ కొట్టు దగ్గరికి కేశవ సిమెంటు దుమ్ముతోనే వచ్చాడు. అంతా విన్నాడు.

"డిస్కు కొట్టోళ్లే పెట్టుకున్నారని ఆ పొద్దే చెప్పినా కదా పెదనాన్నా."

కంబన్న టీ గ్లాసు అతని ముందుకు జరిపాడు. "నీ మగ్గం ఖాళీగానే ఉండాది రా," అన్నాడు.

"డ్యూటీ ఉండాది నాకు." కేశవ ప్రసన్నకుమారి వైపు తిరిగాడు. "నువ్వు కాపీ ఏమీ పెట్టుకోలేదు కదా?"

"లేదప్పా," అందామె. అతను నమ్మినట్టు లేడు. ఆమెకు కోపం రాలేదు.

గేటు దాకా వెళ్లినవాడు ఆగాడు. "ప్రణీతా, నేను గీసిన నెమలంచు ఉండాదా దాంట్లో?"

"ఉండాదన్నా."

ప్రణీత టీ బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. కేశవ వెనక్కి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే తన నెమలంచును చాలాసేపు చూశాడు.