రెండు బుట్టలు

మా తమ్ముడు భీమరాజుకు మడి అంటే ప్రాణం. రోగుల ప్రాణాలు ఆ తరువాతే. ద్రాక్షారామంలో వాడు పేరున్న వైద్యుడు. వితంతువునై పుట్టింటికి చేరిన నేను వాడికి మందులు నూరిపెట్టేదాన్ని. వాడిది పైన పటారం, లోన లొటారం అని నాకు ముందే తెలుసు. అయినా ఆనాడు పుట్టినంత రోత మరెప్పుడూ పుట్టలేదు.

ఆ ఏటి పుష్కరాలకు హిమాలయాల అవతలి భోట దేశపు మందుల వర్తకుడొకడు రాజమహేంద్రవరం వచ్చాడు. తమ్ముడు అతని దగ్గర రెండు మూటల దుంపలు కొన్నాడు. తెల్లతాడు కట్టిన మూట అతివస, పసిపిల్లల జ్వరానికి మందు. నల్లతాడుది వసనాభి, శుద్ధి చేయకపోతే విషం. ఎండితే రెండూ ఒకలాగే ఉంటాయి.

"మా దేశంలో వైద్యుడు నాలుక మీద పెట్టి చూడందే ఏ దుంపా ఇవ్వడు. చేదైతే మందు, తిమ్మిరెక్కితే విషం," అని వర్తకుడు ఒక దుంప కొరికి చూపించాడట.

ఎంగిలి అని తమ్ముడికి వాంతి వచ్చినంత పనైంది. తాళ్ళు ఏదో జంతువు వెంట్రుకలతో పేనినవని రెండింటినీ గోదాట్లో పారేశాడు. దుంపల్ని పసుపునీళ్ళతో కడిగి రెండు బుట్టల్లో పోశాడు. పొగాకు నమిలి అరుగంతా ఉమ్మేది మాత్రం ఆ నోరే.

వారానికి మా వీధి రత్నమాణిక్యం జ్వరంతో కాలిపోతున్న పసిదాన్ని భుజాన వేసుకొచ్చి, బయట అరుగు మీద కూర్చుంది. తమ్ముడు కుడివైపు బుట్ట చూపించి, అతివస సానరాయి మీద అరగదీయమన్నాడు. నాకు అనుమానం వచ్చి దుంప కొస నాలుకకు తాకించాను. పెదవులు మొద్దుబారాయి.

"ఇది వసనాభి రా," అన్నాను.

"మందు ఎంగిలి చేశారా అక్కయ్యా? అది అవతల పారేసి, అదే బుట్టలోంచి ఇంకోటి తియ్యండి."

ఒళ్ళు మండిపోయింది. నోరు కడుక్కోవడానికి చెంబెత్తి, పుక్కిలించిన నీళ్ళు ఆ బుట్టలోనే ఉమ్మాను.

వాడు నన్ను తిడుతూ, బుట్టను గొయ్యి తీయించి పూడ్పించి, స్నానానికి పరుగెత్తాడు. ఆలోగా రెండో బుట్టలో దుంప కొరికాను. కటికచేదు. కొరికిన దుంపనే అరగదీసి, పసిదాని నోట్లో వేశాను. రెండురోజుల్లో జ్వరం దిగింది.

ఎంగిలి పడిందని బుట్టెడు మందు పూడ్పించిన నిష్ఠాపరుడు కనుకనే వాడి చేతి మందుకు అంత గుణం అని ఊరు మెచ్చుకుంది. రత్నమాణిక్యం వచ్చి వాడి కాళ్ళకు మొక్కింది.

పిల్ల బతికింది నా ఎంగిలి మందుతో అని చెబితే నన్నిక సానరాయి ముట్టనివ్వడు. అప్పుడు ఈ ఇంట్లో దుంప రుచి చూసే నాలుకే ఉండదు. అందుకని పక్కన నిలబడి నేనూ తల ఊపాను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.