ముల్లు తీసే పిడి

చెవి దాకా వంగిన కొమ్మను పక్కకు లాగి తోటమాలి కత్తెర వేశాడు. ముల్లు ఊరుకుంటుందా? బొటనవేలి మొదట్లో దిగనే దిగింది. "వచ్చావా తల్లీ, నీకోసమే చూస్తున్నా" అని నవ్వుకుని పక్క కొమ్మకు జరిగాడు.

ఆసుపత్రి చుట్టూ ఉన్న ఈ ముళ్లకంచె ఆయన చేత్తో నాటిందే. ఏ కాలంలోనూ ఆకు రాల్చని పొదలు, ఆకుల మధ్య వేలెడేసి ముళ్లు. వీటి పుణ్యమా అని పెళ్లయింది, ఇల్లు నిలబడింది, కూతురు చదువుకుంది. అందుకే పొద్దున్నే కత్తెర పట్టే ముందు ఒక కొమ్మను తట్టి పలకరిస్తాడు. చేతికి తొడుగులు మాత్రం వేసుకోడు. జనం మొండివాడంటారు. అసలు సంగతి భార్యకు తెలుసు. సాయంత్రం గుమ్మంలో ఆవిడ ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, సూదితో ముళ్లు తీస్తూ వీధి కబుర్లన్నీ చెబుతుంది. తొడుగులేసుకుంటే ఆ చెయ్యి ఎవరు పట్టుకుంటారు?

ఈమధ్య ఆవిడ వేళ్లు కొయ్యబారాయి. నిన్న సూది జారిపోతుంటే విసిరికొట్టి, "రేపట్నుంచి నర్సమ్మతో తీయించుకో. నావల్ల కాదు" అని కళ్లొత్తుకుంది. ఆయనకు రాత్రి ముద్ద దిగలేదు.

మధ్యాహ్నం పనిముట్ల గదిలో అటక మీది మొద్దు దించాడు. గాలివానకు కూలిన పాత పొదది. నీడన ఏళ్ల తరబడి ఆరింది. పెళ్లయిన కొత్తలో తొందరపడి పచ్చి చెక్కతో గరిటె చేసిస్తే నిలువునా పగిలింది. "పచ్చి మొగుడు, పచ్చి గరిటె" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఈసారి ఆ మాట పడదల్చుకోలేదు. ఆవిడ గుప్పిటకు సరిపడేలా లావుగా పిడి చెక్కి, గరుకు కాగితంతో నునుపు చేసి, కొసన సూది బిగించాడు. మధ్యలో గుండె పట్టేసినట్టయితే నీళ్లు తాగి కాసేపు కూర్చున్నాడు.

సాయంత్రం ఆవిడ పిడి పట్టి చూసింది. జారలేదు. ముఖం చేటంతయింది.

"ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. నువ్వు ఏకంగా చెట్టునే తెచ్చావా?"

"మనకు పెట్టింది అదేగా. ఇంకెవర్నడగను?" ఆయన గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. "బాగా బతికామే మనం."

"చాల్లే సంబడం. కదలకు."

ఒక్కో ముల్లూ తీస్తూ ఆవిడ కబుర్లలో పడింది. బొటనవేలిది లోతుగా దిగింది. గట్టిగానే గుచ్చాల్సి వచ్చింది.

"పర్లేదే, ఇవాళ ఒక్కసారి కూడా అబ్బా అనలేదు!" అని మెచ్చుకుంటూ తలెత్తింది.

ఆయన చెయ్యి వదలకుండా చాలాసేపు ఏడ్చింది. ఎవరినీ పిలవకముందే కళ్లు తుడుచుకుని, బొటనవేలిలో మిగిలిన ఆ ముల్లు కూడా తీసేసింది.

గడప మీద పిడి ఉంది. ఎక్కడా పగుల్లేదు, ఆవిడ చేతి చెమటకు ఒక పక్క అప్పుడే రంగు తిరిగింది.