లేవని మంచాలు

పొద్దుగాల సంగవ్వ చేసే మొదటి పని ఉమాబాయి మంచం ఎత్తి లోపల పెట్టడం. ఎండాకాలమంతా ముసలామె వాకిట్లోనే పడుకుంటుంది. తెల్లారగానే సంగవ్వ వచ్చి, బొంత మడిచి, నులకమంచాన్ని ఒంటిచేత్తో పక్కకు లేపి, నడుముకు ఆనించుకుని ఇంట్లోకి మోసుకుపోతుంది. ఆ తర్వాతే వాకిలి చల్లడం, పెండ తీయడం, గిన్నెలు తోమడం. "గోడకు తాకియ్యకే, సున్నం రాల్తది" అని ఉమాబాయి అనని రోజు లేదు. తాకించకపోయినా అంటుంది.

సంగవ్వ ఉండేది వాగు దిగువన, కూలోళ్ళ వాడలో. అక్కడి సందులో ఎవరూ తిన్నగా నడవరు. క్యాన్సరుతో పోయిన ముసలివాళ్ళ మంచాలు ఇళ్ళ ముందర ఎక్కడివక్కడ నిలిచిపోయి ఉంటాయి. పాము కరిచి పోయినవాళ్ళ మంచం లేస్తుంది, గుండె ఆగి పోయినవాళ్ళదీ లేస్తుంది. ఈ రోగంతో పోయినవాళ్ళ మంచం మాత్రం, శవాన్ని పాడె మీదికి తీశాక, నలుగురు పట్టినా లేవదు, ఎడ్లను కట్టినా కదలదు. ఆడవాళ్ళు వాటి మీద మిరపకాయలు ఎండబోస్తారు. మేకలు వాటి నీడన పడుకుంటాయి. సంగవ్వ పెనిమిటి సంగన్న మంచం రెండేళ్ళుగా చూరు కిందే ఉంది. ఉమాబాయి వాళ్ళుండే పైఊళ్ళో అట్లాంటివి వెతికితే ఒకటో రెండో కనబడతాయి.

ఆ ఏడు నాందేడ్ నుంచి సోనాలి అనే డాక్టరమ్మ వచ్చింది. అరవై దాటినవాళ్ళలో క్యాన్సర్ చావులు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని ఊరికీ ఊరికీ, వాడకీ వాడకీ పోల్చి చూడడం ఆమె పని. మంచాలు చూసుకుంటూ పైఊరూ, వాడా రెండూ తిరిగింది. గ్రామసభలో లేచి మరాఠీలో అడిగింది: ఒకటే ఊరు, ఒకటే గాలి, మరి వాడలో ముసలివాళ్ళు మూడింతలు ఎక్కువగా ఎందుకు పోతున్నారు?

సర్పంచ్ సూర్యకాంత్ ఉమాబాయి కొడుకే. కుర్చీలోంచి లేవకుండానే జవాబిచ్చాడు. "తంబాకు నములుతరు, గుడుంబ తాగుతరు. ఇంకేముంటది మేడం?"

వెనకనుంచి సంగవ్వ లేచింది. "నా పెనిమిటి తంబాకు ముట్టలే పటేలా. నీ పత్తిచేనుకు మందు కొట్టిండు."

"కొట్టుమని నేను కాళ్ళు మొక్కిన్నా?"

సభలో పైఊరివాళ్ళు నవ్వారు. వాడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

మర్నాడే సూర్యకాంత్ ట్రాక్టర్ తెచ్చాడు. మంచాల వల్ల ఊరి పేరు ఖరాబవుతోందని, సంబంధాలకొచ్చినవాళ్ళు సందు చూసి వెనక్కి పోతున్నారని వాడ మొగదల నిలబడి అరిచాడు. మొదట సంగన్న మంచానికే గొలుసు వేశారు. గొలుసు తెగింది. మంచం వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆడవాళ్ళు చేతుల్లో రాళ్ళు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ట్రాక్టర్ వెనక్కి మళ్ళింది.

తెల్లారి పనికి పోవద్దనుకుంది సంగవ్వ. కాని ఆకలికి పౌరుషం ఎక్కడిది, పోయింది.

"సభల నా కొడుకును నిలదీస్తవా?" అంది ఉమాబాయి, వేపపుల్ల నములుతూ. "మంచాలు ఊకెనే బరువైతయా? పాపం బరువైతది. మీ వాడోళ్ళ పాపం."

సంగవ్వ పళ్ళు బిగబట్టి బొంత మడిచింది. మంచం పట్టె పట్టి లేపబోయింది. లేవలేదు. రెండు చేతులూ వేసింది. నాలుగు కోళ్ళూ నేలలో నాటుకున్నట్టున్నాయి. నిన్నటిదాకా లేచిన మంచమే. మనిషి బతికుండగా ఇట్లా కావడం ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా సంగతి అర్థమైంది. అర్థమయ్యాక ఆమెకు కలిగింది జాలి కాదు. కడుపు చల్లబడింది.

అరుగు మీద సూర్యకాంత్ ఇద్దరు పెద్దమనుషులతో చాయ తాగుతున్నాడు. వాళ్ళందరికీ వినబడేట్టు అంది, "బాయీ, నీ మంచం లేస్తలేదు."

"తిండి తిని అస్తలేవా ఏంది? లేపు."

"నువ్వే లేపు. పాపం బరువంటివి గదా, ఎవలి పాపమో చూద్దాం."

ఉమాబాయి నోట్లో పుల్ల ఆగిపోయింది. సూర్యకాంత్ వచ్చి పట్టె పట్టి గుంజాడు. మళ్ళీ గుంజాడు. మెడనరాలు తేలాయి. "ఏం జేసినవే మంచాన్ని?"

"నేనేం జేస్త పటేలా? ట్రాక్టర్ తెచ్చుకో."

ఆ పూటే తల్లిని కారులో నాందేడ్ తీసుకుపోయాడు. రొమ్ములో గడ్డ, ఇంకా చిన్నది. టైముకు వచ్చారన్నారు డాక్టర్లు. సంగవ్వను మాత్రం శాపం పెట్టిందని పనిలోంచి తీసేశారు. పైఊళ్ళో ఏ ఇంట్లోనూ ఆమెకు మళ్ళీ పని దొరకలేదు.

వానలు పడ్డాక ఉమాబాయి తిరిగొచ్చింది. జుట్టంతా పోయింది, నోరు మాత్రం అట్లాగే ఉంది. ఆమె మంచం ఇప్పుడు లేస్తున్నదని కొత్త పనిమనిషి వాడలో చెప్పింది.

అది విన్నాక సంగవ్వ సంగన్న మంచం మీద చాలాసేపు కూర్చుంది. అరవై దాటిన పక్కింటి యమునాబాయి వచ్చి పక్కన కూలబడింది.

"ఇది గూడ ఆయన పోకముందే బరువైంది యమునా," అంది సంగవ్వ. "ఎన్నడైందో ఏమో. మనకు లోపల జాగ ఏడిది, తీసి పెట్టనీకి? మంచం చుట్టు ఊడ్చిన గని ఒక్కనాడు జరుపలే. పైఊళ్ళె రోగం లేక కాదు. ఆడ రోజు మంచం లేపేటోళ్ళున్నరు. ఆ లేపేటోళ్ళం మనమే."

మర్నాటి నుంచి వాడ ఆడవాళ్ళు కూలికి పోయేముందు ఒకరి మంచం ఒకరు లేపి చూడడం మొదలుపెట్టారు. మగవాళ్ళు విసుక్కున్నారు. దసరాకు ముందు ఒక పొద్దున యమునాబాయి మంచమే లేవలేదు.

"సరిగ్గ పట్టు," అంది యమునాబాయి.

"పట్టిన," అంది సంగవ్వ.

వాగు పొంగి బస్సు రావడం లేదు, చుట్టుదారిన పోవాలంటే కారే గతి. సంగవ్వ తిన్నగా పైఊరికి నడిచి సూర్యకాంత్ వాకిట్లో నిలబడింది. "కారు తీయ్ పటేలా. యమునను నాందేడ్ తీస్కపోవాలె."

"నా కారు మీ వాడకు రాదు," అన్నాడతను.

మంచం మీద తలకు రుమాలు చుట్టుకున్న ఉమాబాయి లేచి కూర్చుంది. "మళ్ళ అచ్చినవా శాపకారి," అంది. సంగవ్వ కళ్ళు దించలేదు. ముసలామె కూడా దించలేదు. చివరికి కొడుకు వైపు తిరిగింది. "తీయ్‌రా. లేకుంటే ఇది ఈన్నే కూసుంటది. దీని మొకం నేను చూడలేను."

సూర్యకాంత్ ఉమ్మేసి తాళంచెవులు తీసుకున్నాడు. కారు వాడ మొగదలే ఆగింది. మంచాలున్నాయి, లోపలికి పోదు. యమునాబాయి చీర కొంగు బిగించుకుని ఒక మంచం తప్పించుకుని, ఇంకొకటి తప్పించుకుని, తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చి కారెక్కింది. ఆ రోగంతో ఆ సందులోంచి నడిచి బయటికొచ్చిన మొదటి ముసలామె ఆమే.