మాట్లాడకున్నా తింటాంది

కోస్గిలో ఫక్రుద్దీన్ మైకు సెట్టు వాళ్ల బాపు కాలం నాటిది. ఇనుప డబ్బాలో గాజు వాల్వులు, డబ్బా ముందు తెల్ల రంగుతో ‘50 వాట్లు’ అన్న రాత. పక్క ఊరి పీర్ల పండుగ ఆ సెట్టు లేకుండా ఏనాడూ జరగలేదు. ఈసారి ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పండుగ ముందే కాలి కూర్చుంది. జనరేటర్ పెట్టిస్తున్న మల్లప్ప పటేలు డీజిల్ కోసం జీపులో కోస్గి వచ్చి, మైకు ఎంత కరెంటు తింటుందని అడిగాడు.

"యాభై వాట్లు పటేలా. మీద రాసే ఉంది."

"అది బయటికిచ్చే మోత. తినేది ఎంతనో చెప్పు. నా జనరేటర్ చిన్నది. ఇంట్ల అన్నీ బంద్ జేసి మీటరు చక్రం ఎట్ల తిరుగుతాందో చూడు. పొద్దుమీకి మళ్ల వస్త. లెక్క కుదరకుంటే పాలమూరు కెళ్లి తక్కువ తినే ట్రాన్సిస్టర్ సెట్టు తెస్త."

ఫక్రుద్దీన్‌కు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో కరెంటు స్తంభం ఎప్పుడూ లెక్క అడగలేదు. పైగా కొత్త సెట్టు ఒకసారి ఊళ్లోకి వచ్చిందంటే తనను మళ్లీ ఎవరూ పిలవరు.

ఇంట్లో అన్నీ ఆపి, వంద వాట్ల బల్బు ఒక్కటి వేసి చక్రం వేగం చూసుకున్నాడు. బల్బు తీసేసి మైకు సెట్టు మిషను పెట్టాడు. మైకులో ఎవరూ మాట్లాడటం లేదు. అయినా చక్రం బల్బు కంటే జోరుగా తిరుగుతోంది. మూగగా కూర్చున్న మిషను ఎక్కడైనా కరెంటు తింటుందా? ఎవరో దొంగతనంగా వైరు తగిలించారని తేల్చుకుని పక్కింటి నర్సింగమ్మ మీదికి పోయాడు.

"అక్కా, నా మీటరు కెళ్లి కరెంటు గుంజుతున్నవా?"

నర్సింగమ్మ అతన్ని చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లింది. గోడకు కిరోసిన్ దీపం వేలాడుతోంది. "నా ఇంట్ల కరెంటే లేదు. వైరు ఏడుందో నువ్వే చూపియ్యి" అంది. ఫక్రుద్దీన్ తల దించుకుని, "తప్పైంది అక్కా" అని బయటపడ్డాడు. సిగ్గు మాట అటుంచి, డబ్బా మీద ‘50 వాట్లు’ అని రాసినవాడి మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి భార్య ఖమర్ మిషను దగ్గర నిలబడి ఉంది.

"దగ్గరికి రాంగనే సెగ కొడతాంది. గాజు బుడ్లు ఉత్తగనే కాల్తయా? మాట్లాడినా మాట్లాడకున్నా ఇది తింటనే ఉంటది" అంది.

అతను మైకులో గొంతు చించుకుని అరిచి చూశాడు. చక్రం ఇంకొంచెం పెరిగింది, అంతే. మొత్తం మీద రెండు బల్బులంత. ఇన్నేళ్లు తను మోసిన మిషను గురించి తనకు ఇంత కూడా తెలియలేదా అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రానికి మల్లప్ప వచ్చాడు. లెక్క విని నుదురు కొట్టుకున్నాడు.

"నా జనరేటర్ లైట్లకే సరిపోయేటట్టుంది. అయినా మీ బాపు కాలం కెళ్లి వస్తున్న సెట్టు. పెట్టి చూద్దమా? ఆగుతదంటవా?"

ఆగుతుందని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఫక్రుద్దీన్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పండుగలో నిప్పుల గుండం చుట్టూ తోసుకునే జనం, భుజాల మీద పిల్లలు, అదే సమయానికి లైట్లన్నీ ఆరిపోవడం కళ్ల ముందు కనబడ్డాయి.

"ఆగది పటేలా. లైట్లు పోతయి."

మల్లప్ప జీపు వైపు తిరిగాడు. "అయితే పాలమూరు పోవాలె. నీ మైకు హారన్లన్న ఇయ్యి, ఆ సెట్టుకు తగిలిస్తం" అన్నాడు. ఫక్రుద్దీన్ తానే హారన్లు దించి, బట్టతో తుడిచి జీపులో పెట్టాడు.

జీపు పోయాక ఖమర్ అడిగింది, "మరి మీరు పండుగకు పోరా?"

"బుద్ధెరిగిన కాడికెళ్లి సెట్టు లేకుండ పోలే" అన్నాడతను. "ఉత్త చేతులతోటి పోయి ఆడ నేనేం జెయ్యాలె?"